షేరు పాత ధర: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: 2018 జనవరి 31 నాటికి నా దగ్గర 100 హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్ షేర్లు ఉన్నాయి. ఒక్కొక్కటి 1,200కు కొన్నవి. ఇప్పుడు డీమ్యాట్‌లో 400 కనిపిస్తున్నాయి. ఆ రోజు దాకా పెరిగిన విలువకు పన్ను పడదు కాబట్టి, అమ్మితే పన్ను లెక్కకు ఆ రోజు ధర కావాలన్నారు మా ఆడిటర్ గారు. ఎన్ఎస్ఈ సైట్‌లో రెండు వేల దగ్గర ఉంది, మరో సైట్‌లో అయిదు వందల దగ్గర ఉంది. ఏది వాడాలి? (విజయవాడ పాఠకురాలు)

జవాబు: రెండూ తప్పు కాదు. కానీ మీ లెక్కలోకి రెండూ ఉన్నవి ఉన్నట్టుగా రావు. ఎన్ఎస్ఈ, బీఎస్ఈ సైట్లు ఆ రోజు చేతులు మారిన అసలు ధరనే చూపిస్తాయి. తర్వాత జరిగిన స్ప్లిట్, బోనస్‌లకు దాన్ని సవరించవు. చార్టులు ఇచ్చే సైట్లు మాత్రం పాత ధరలన్నిటినీ నేటి షేర్ల సంఖ్యకు తగ్గట్టు భాగించి చూపిస్తాయి. హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్ 2019 సెప్టెంబరులో 2 రూపాయల ముఖ విలువను 1 రూపాయికి తగ్గించింది, అంటే ఒక్కో షేరును రెండుగా స్ప్లిట్ చేసింది. 2025 ఆగస్టులో 1:1 బోనస్, అంటే ఒక షేరుకు మరో షేరు ఉచితంగా, ఇచ్చింది. మీ 100 మొదట 200, తర్వాత 400 అయ్యాయి. అందుకే ఆ సైట్ 2,000ను నాలుగుతో భాగించి 500 అంటోంది.

ఆదాయపు పన్ను చట్టం ఈ రెండు మార్పుల్నీ ఒకేలా చూడదు. స్ప్లిట్ అయితే ఉన్న షేరే రెండు ముక్కలైనట్టు లెక్క, కాబట్టి ధరా సగమవుతుంది. బోనస్ షేరు మాత్రం కొత్తగా, ఖర్చు లేకుండా వచ్చిన వేరే షేరు. 2018 జనవరి 31 తర్వాత వచ్చిన బోనస్‌కు కొనుగోలు ధర సున్నా. పాత షేరు ధర దాని వల్ల తగ్గదు. లెక్క తేలిక కోసం ఆ రోజు గరిష్ఠ ధరను 2,000 అనుకుంటే, మీ పాత 200 షేర్లకు ఒక్కొక్కదానికి 1,000, బోనస్ 200కు సున్నా. గరిష్ఠ ధర అన్న మాట గమనించండి. ఇక్కడ చట్టం అడిగేది ముగింపు ధరను కాదు. ఆ రోజు ఎక్స్ఛేంజీలో పలికిన అత్యధిక ధర కావాలి. ఏదైనా షేరు ఆ రోజు ట్రేడ్ కాకపోతే, అంతకు ముందు చివరిగా ట్రేడ్ అయిన రోజు గరిష్ఠ ధర తీసుకోవాలి.

తర్వాత పోలిక. 31 జనవరి ధర, అమ్మిన ధర, ఈ రెండిట్లో తక్కువది తీసుకోండి. దాన్ని మీ అసలు కొనుగోలు ధరతో పోల్చి, ఎక్కువది ఉంచుకోండి. మీరు 950 చొప్పున అమ్మారనుకుందాం. 1,000, 950లలో తక్కువది 950. మీ 1,200 స్ప్లిట్ తర్వాత 600 అవుతుంది. 950, 600లలో ఎక్కువది 950. అంటే పాత 200 షేర్ల మీద లాభం సున్నా. సైట్‌లో కనబడ్డ 500ను వేసుకుంటే 600నే తీసుకోవాల్సి వచ్చి, లేని లాభం 70,000 పుట్టుకొచ్చేది.

బోనస్ షేర్లు అమ్మితే 950 మొత్తం లాభమే. డీమ్యాట్‌లో ముందు వచ్చినవే ముందు అమ్మినట్టు లెక్క, కాబట్టి తొలి 200 పాతవి. బోనస్ షేర్లను కేటాయించిన నాటి నుంచి 12 నెలల లోపు అమ్మితే 20 శాతం స్వల్పకాలిక పన్ను. దాటితే దీర్ఘకాలికం: ఏడాదిలో 1.25 లక్షల రూపాయలు మించిన లాభం మీద 12.5 శాతం. బ్రోకర్ ఇచ్చే పన్ను నివేదికలో ఈ విడదీత సరిగ్గా ఉందో లేదో ఓసారి చూసుకోండి. షేర్లను ఒక బ్రోకర్ నుంచి మరో బ్రోకర్‌కు మార్చుకున్నవారి నివేదికల్లో కొనుగోలు ధర, తేదీ తప్పుగానో ఖాళీగానో ఉండటం మామూలే.

ప్రశ్న: 2024 అక్టోబరు చివర్లో రిలయన్స్ షేరు ఒక్కరోజులో 2,655 నుంచి 1,330ల్లోకి పడినట్టు డౌన్‌లోడ్ చేసిన ఫైల్లో ఉంది. అంత పతనం గుర్తులేదే? (ఖమ్మం)

జవాబు: పతనం కాదు, 1:1 బోనస్. అక్టోబరు 28 నుంచి షేరు బోనస్ లేని ధరకు ట్రేడ్ అయింది. ఎన్ఎస్ఈ ఫైల్‌లో ఒక్కరోజులో సగమో, అయిదో వంతో, పదో వంతో అయిన ధర కనిపిస్తే, ముందు ఆ కంపెనీ పేజీలో కార్పొరేట్ యాక్షన్స్ జాబితా తెరవండి. 52 వారాల కనిష్ఠం తాకిందని కంగారుపడి అమ్మేయకండి.

దీనికన్నా చిక్కుపెట్టేది కంపెనీ విభజన. 2023 జులై 20న జియో ఫైనాన్షియల్‌ను రిలయన్స్ నుంచి విడదీశారు. ముందు రోజు 2,841.85 దగ్గర ముగిసిన రిలయన్స్‌కు, ఆ ఉదయం ప్రత్యేక సెషన్‌లో తేలిన ధర 2,580. తేడా 261.85 జియో ఫైనాన్షియల్ ధరగా లెక్కకట్టారు. వాటాదారుకు పోయిందేమీ లేదు, ఆ విలువ మరో షేరుగా చేతికొచ్చింది. అయినా సవరించని చార్టులో తొమ్మిది శాతం పైగా గుంట కనబడుతుంది. విభజనను కొన్ని సైట్లు సవరిస్తాయి, కొన్ని సవరించవు. జులై 19, 20 తేదీల ధరలు రెండూ చూస్తే మీ సైట్ ఏ రకమో తెలిసిపోతుంది. పన్నుకు మాత్రం దారి వేరు: పాత కొనుగోలు ధరలో 95.32 శాతం రిలయన్స్‌కు, 4.68 శాతం జియో ఫైనాన్షియల్‌కు పంచాలని కంపెనీయే ప్రకటించింది.

ప్రశ్న: మా నాన్నగారు 2007లో 170 సత్యం కంప్యూటర్స్ షేర్లు 450 చొప్పున కొన్నారు. ఆయన పోయాక నా ఖాతాకు 80 టెక్ మహీంద్రా షేర్లు వచ్చాయి. సత్యం అని వెతికితే ఏ సైట్‌లోనూ చార్టు దొరకడం లేదు. (కరీంనగర్)

జవాబు: సత్యం తర్వాత మహీంద్రా సత్యంగా పేరు మార్చుకుని, 2013లో టెక్ మహీంద్రాలో కలిసిపోయింది. ప్రతి 17 సత్యం షేర్లకు 2 టెక్ మహీంద్రా షేర్లు ఇచ్చారు. 170కి 20 వచ్చాయి. 2015 మార్చిలో 1:1 బోనస్, దాంతోపాటే 10 రూపాయల ముఖ విలువ 5కు స్ప్లిట్. 20 నలభై అయి, నలభై ఎనభై అయ్యాయి. మీ సంఖ్య సరిపోయింది.

వారసత్వంగా వచ్చినవి కాబట్టి నాన్నగారి కొనుగోలు ధర, తేదీ రెండూ మీకు సంక్రమిస్తాయి. ఆయన పెట్టింది 76,500. అది 80 మీద పంచకండి. అసలు షేర్ల వాటా 40, కాబట్టి ఒక్కోదానికి 1,912.50. మిగతా 40 బోనస్ వాటా, ఖర్చు సున్నా. కానీ ఆ బోనస్ 2018 జనవరి 31కి ముందే వచ్చింది కనుక, పైన విజయవాడ పాఠకురాలికి చెప్పిన పోలిక దీనికీ వర్తిస్తుంది: ఆ రోజు టెక్ మహీంద్రా గరిష్ఠ ధర, అమ్మిన ధరల్లో తక్కువది కొనుగోలు ధర అవుతుంది. అసలు 40 షేర్లను 1,912.50 కన్నా తక్కువకు అమ్మితే అది నిజమైన నష్టమే, దీర్ఘకాలిక లాభాల్లోంచి తీసేసుకోవచ్చు. నాన్నగారి కాంట్రాక్ట్ నోట్ (కొన్నప్పుడు బ్రోకర్ ఇచ్చిన పత్రం) దొరికితే భద్రపరచండి. దొరక్కపోతే పాత డీమ్యాట్ స్టేట్‌మెంట్‌తో కొన్న తేదీ పట్టుకుని, ఆ రోజు ఎక్స్ఛేంజీ భావ్‌కాపీ (అన్ని షేర్ల ఆ నాటి ధరల జాబితా) ఫైలు తీయండి. చార్టుల సైట్లు మర్చిపోయిన పేర్లు భావ్‌కాపీలో అలాగే ఉంటాయి.

చార్టు మాయమవడం మీ ఒక్కరి ఇబ్బంది కాదు. 2009 జనవరి 7న, లెక్కల్లో మోసం జరిగిందని సత్యం ఛైర్మన్ రామలింగరాజు ఒప్పుకున్న లేఖ బయటపడ్డ రోజు సత్యం షేరు 179 దగ్గర్నుంచి 40 కిందికి వచ్చింది. నేటి నిఫ్టీ కంపెనీల జాబితా తీసుకుని ‘ఇరవై ఏళ్ల క్రితం వీటిలో పెట్టి ఉంటే’ అని లెక్క వేస్తే, అందులో సత్యం ఉండదు, ఆ పతనమూ ఉండదు. బతికి బట్టకట్టినవాటి ధరలతో వేసిన ఏ లెక్కయినా ముద్దుగానే కనిపిస్తుంది. అలాంటి లెక్కకు అప్పటి సూచీలో అప్పుడున్న కంపెనీలనే తీసుకోవాలి.

ప్రశ్న: ఇన్ఫోసిస్ షేరును 1993లో 95 రూపాయలకు ఇచ్చారని చదివాను. చార్టు లెక్కన అది పది పైసలు కూడా లేదు. ఇంకో సైట్‌లో నేటి ధర కూడా మరీ తక్కువగా ఉంది. (డల్లాస్)

జవాబు: అప్పట్లో 100 షేర్లు కొని ఇప్పటిదాకా అమ్మనివారి దగ్గర 1,02,400 ఉంటాయి. వరుసగా వచ్చిన బోనస్‌లు, 2000లో ఒక స్ప్లిట్ కలిసి 1,024 రెట్లు. 95ని 1,024తో భాగిస్తే 9.28 పైసలు. ఆ ధరకు ఎవరూ ఎప్పుడూ కొనలేదు, అది రాబడి లెక్కకు కట్టిన అంకె. సైట్ దాన్ని 0.09గా కుదిస్తే ఆ ఒక్క కుదింపులోనే మూడు శాతం తేడా వస్తుంది. అంత పాత రోజులకు రోజువారీ శాతాలు కావాలంటే సవరించని ధరలు తెచ్చుకుని, బోనస్ తేదీల దగ్గర మీరే భాగించడం మేలు.

రెండో సైట్‌లో మీరు చూసింది బహుశా న్యూయార్క్‌లో ట్రేడయ్యే ఏడీఆర్ (భారత షేరుకు ప్రతిగా అమెరికాలో ఇచ్చే పత్రం) ధర, డాలర్లలో. యాహూ ఫైనాన్స్‌లో ఉత్త ఐఎన్ఎఫ్‌వై అంటే అదే. భారత ధరకు చివర డాట్ ఎన్ఎస్ చేర్చండి, బీఎస్ఈకి డాట్ బీఓ.

ప్రశ్న: ‘క్లోజ్’, ‘అడ్జస్టెడ్ క్లోజ్’ అని రెండు గళ్లున్నాయి. రెండోది నెల నెలా మారిపోతోంది. ఫైలు పాడైందా? (ఒంగోలు)

జవాబు: పాడవలేదు. యాహూలో మొదటిది బోనస్, స్ప్లిట్‌లకు సవరించినది. రెండోది వాటితోపాటు డివిడెండ్లకూ సవరించినది. ముందు రోజు ముగింపు 300, డివిడెండ్ 15 అయితే, అంతకు ముందున్న ధరలన్నిటినీ 0.95తో గుణిస్తారు. కొత్త డివిడెండ్ వచ్చినప్పుడల్లా పాతవన్నీ మళ్లీ తగ్గుతాయి. వేదాంత 2022-23లో ఒక్కో షేరుకు మొత్తం 101.50 పంచింది. అలాంటి కంపెనీలో రెండు గళ్ల మధ్య దూరం చాలా ఎక్కువ. డౌన్‌లోడ్ చేసిన తేదీని ఫైలు పేరులోనే రాసుకోండి, పాత ఫైలు కింద కొత్త వరుసలు అతికించకండి. రాబడి పోల్చడానికి రెండో గడి వాడండి, దానికి జోడీగా నిఫ్టీ టోటల్ రిటర్న్ సూచీ తీసుకోండి. మామూలు నిఫ్టీలో డివిడెండ్ ఉండదు.

ప్రశ్న: 3:30కి నేను చూసిన చివరి ధర, ఎన్ఎస్ఈ ఫైల్లో ముగింపు ధర ఒకటి కావు. (తిరుపతి)

జవాబు: కావు. ఎన్నో ఏళ్లుగా ఉన్న పద్ధతిలో ముగింపు ధర అంటే చివరి అరగంట ట్రేడుల సగటు, పరిమాణం ప్రకారం తూచినది. మీరు చూసింది ఆఖరి ట్రేడు. ఫైల్లో ఎల్‌టీపీ గడిలో అది ఉంటుంది. ఫైలు తీసేటప్పుడు సిరీస్ గడిలో ఈక్యూ (మామూలు షేర్ల ట్రేడింగ్) ఎంచుకోండి, లేకుంటే అదే తేదీ రెండుసార్లు రావచ్చు. కాలాన్ని ఏడాది ముక్కలుగా అడగండి. ఎక్సెల్‌లో కూడిక సున్నా వస్తే, కామాలున్న అంకెలు అక్షరాలుగా చేరినట్టే, కామాలు తీసేయండి. శనివారం తేదీ కనిపిస్తే తప్పని కొట్టేయకండి: 2025 ఫిబ్రవరి 1 శనివారమే అయినా బడ్జెట్ కోసం మార్కెట్ నడిచింది.