తుప్పు, కొబ్బరినూనె, ఇరుక్కునే తూటా: .315 రైఫిల్ యజమానుల ప్రశ్నలు

లైసెన్సుతో .315 స్పోర్టింగ్ రైఫిల్ ఉంచుకున్నవారు తమ అనుభవాలను రాసి పంపవలసిందని కిందటి సంచికలో కోరాము. కోనసీమ నుంచీ, పశ్చిమ డెల్టా నుంచీ వచ్చిన ఉత్తరాలలో తరచుగా కనిపించిన సందేహాలను కలిపి ఇక్కడ ఇస్తున్నాము. పోలీసు శాఖలో ఆర్మరర్‌గా (తుపాకుల మరమ్మతు నిపుణుడిగా) పనిచేసి పదవీ విరమణ పొందిన మా శీర్షిక నిర్వాహకులు జవాబులు రాశారు.

ప్రశ్న: మా నాన్నగారి హయాం నుంచి రైఫిల్‌ను కొబ్బరినూనెతో తుడిచి పెట్టడం మా ఇంటి అలవాటు. ఈ జనవరిలో తెల్లవారుజామున రేంజికి (కాల్పుల సాధన స్థలానికి) వెళితే మొదటి రెండు తూటాలూ పేలలేదు. ఎండెక్కాక అవే తూటాలు పేలాయి. తూటాలు పాతబడ్డాయా, తుపాకిలోనే లోపముందా?
– ఒక పాఠకుడు, అమలాపురం దగ్గర

జవాబు: రెండూ కాదు. కొబ్బరి చెట్టు మీకు అన్నం పెట్టవచ్చు గాని, దాని నూనె తుపాకికి పనికిరాదు. ధనుర్మాసంలో మీ వంటింటి సీసాలో నూనె తెల్లగా గడ్డకట్టడం చూసే ఉంటారు. సుమారు 24 డిగ్రీల కంటే చలి పెరిగితే అది పేరుకుంటుంది. బోల్ట్ (తూటాను గొట్టంలోకి నెట్టి మూసే కడ్డీ) లోపల స్ప్రింగు చుట్టూ, ఫైరింగ్ పిన్ (తూటాను కొట్టే సూది) చుట్టూ చేరిన నూనె అదే విధంగా పేరుకుపోవడం వల్ల పిన్ మెల్లగా కదిలి, తూటా అడుగున మందును అంటించే ప్రైమర్‌ను గట్టిగా కొట్టలేకపోయింది. పేలని తూటా అడుగును భూతద్దంతో చూస్తే పైపైన పడిన చిన్న నొక్కు కనిపిస్తుంది. సరిగా పేలిన తూటా మీద గుంట లోతుగా ఉంటుంది. బోల్ట్‌ను ఆర్మరర్ చేత విప్పించి, పాత నూనెనంతా కడిగించి, తుపాకుల కోసం అమ్మే పలుచని నూనెను ఆరిన గుడ్డతో తుడిచేసినంత పలచగా పట్టించండి. విప్పిన బోల్ట్‌ను మరొక రైఫిల్ బోల్ట్‌తో ఎన్నడూ మార్చుకోవద్దు. బోల్ట్ మీది నంబరు, తుపాకి మీది నంబరు ఒకటేనా అని ఒకసారి సరిచూసుకోండి.

ఇక మీరు రాయని విషయం ఒకటి అడుగుతాను. తూటా పేలనప్పుడు వెంటనే బోల్ట్ తెరిచారా? ఆలస్యంగా పేలే తూటాలు ఉంటాయి కనుక గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి కనీసం ఒక నిమిషం ఆగిన తర్వాతే తెరవాలి. అలా ఆగలేక బోల్ట్ తెరిచిన చేతులను నా ఉద్యోగకాలంలో చూశాను. ఆ సంగతి ఇక్కడ వర్ణించను.

ప్రశ్న: 2024 ఎన్నికల ప్రకటన రాగానే రైఫిల్‌ను పోలీసు స్టేషన్‌లో అప్పగించాను. ఫలితాల తర్వాత తిరిగి తెచ్చుకునేసరికి గొట్టం కింది వైపు పొడవునా ఎర్రటి తుప్పు పట్టి ఉంది. స్టేషన్ వాళ్లు నిర్లక్ష్యం చేశారని నా అభిప్రాయం. తక్కువ ధర తుపాకి కాబట్టే ఇలా అయిందని మా బావగారు అంటున్నారు.
– ఒక పాఠకుడు, నరసాపురం దగ్గర

జవాబు: మీ అభిప్రాయమూ, మీ బావగారి అభిప్రాయమూ రెండూ పక్కన పెట్టి, మీరు రైఫిల్‌ను దేనిలో పెట్టి ఇచ్చారో గుర్తుచేసుకోండి. లోపల మెత్తటి గుడ్డ ఉన్న రెగ్జిన్ సంచిలో ఇచ్చానని ఉత్తరం చివర మీరే రాశారు. ఎన్నికల ప్రకటన మార్చి 16న వచ్చింది, లెక్కింపు జూన్ 4న జరిగింది. అంటే సముద్రపు గాలి తగిలే మీ ప్రాంతంలో, ఆ గుడ్డ ఉప్పు తేమను పీల్చుకుని, రెండున్నర నెలలకు పైగా ఇనుమును అంటిపెట్టుకుని ఉంది. తుప్పు పైన లేకుండా, సంచి మీద ఆనిన అడుగు భాగంలోనే గీత గీసినట్టు పట్టిందంటే కారణం అదే. ఈసారి అప్పగించవలసి వచ్చినప్పుడు గొట్టం లోపలా పైనా నూనె పట్టించి, నూనె కాగితం చుట్టి, సంచి లేకుండా ఇవ్వండి. రసీదులో తుపాకి నంబరుతో పాటు దాని స్థితిని కూడా రాయించుకోండి. ఇంట్లోనైనా అంతే. తుపాకిని సంచిలో కాక, బీరువాలో తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలతో నిలబెట్టి, వానాకాలంలో పదిహేను రోజులకొకసారి తీసి తుడవండి.

ధర సంగతికి వస్తే, ఈ రైఫిల్ చవకది గాని అల్పమైనది కాదు. అప్పట్లో సైన్యం వాడిన .303 తూటా ప్రైవేటు వ్యక్తుల చేతికి పోకూడదని బ్రిటిషు ప్రభుత్వం నిషేధించడంతో, సైనిక లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ యంత్రాన్నే 8 మిల్లీమీటర్ల (.315 అంగుళం) తూటాకు తగినట్టు మలచి తయారు చేసిన రైఫిల్ ఇది. స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత కూడా కలకత్తా దగ్గరి ఇషాపూర్ కర్మాగారంలో దీన్ని తయారు చేశారు. చెక్క భాగం మాత్రం డెల్టా వానలకు ఉబ్బి గొట్టాన్ని ఒక పక్కకు నెట్టగలదు. వేసవిలో సరిగా తగిలిన గుండు భాద్రపదంలో పక్కకు పోతోందని రాసిన ముగ్గురు పాఠకులు గురి చూసే అమరికను సవరించే ముందు చెక్కకూ గొట్టానికీ మధ్య ఒక కాగితాన్ని జరిపి, అది ఎక్కడ పట్టుకుంటుందో చూడాలి.

ప్రశ్న: మ్యాగజైన్‌లో (తూటాలు పెట్టే డబ్బాలో) ఐదు తూటాలు నింపితే రెండోదో మూడోదో ఇరుక్కుంటోంది. మ్యాగజైన్ మార్చాలా? పైగా బోల్ట్ మూసేటప్పుడు చివర్లో గట్టిగా నెట్టవలసి వస్తోంది.
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: రెండో దానికి ముందు జవాబు చెబుతాను, అది లోపం కాదు. ఈ రకం బోల్ట్ మూసుకునేటప్పుడే స్ప్రింగును బిగిస్తుంది కాబట్టి చివరి అంగుళంలో బరువు తగలడం సహజం. మొదటిది మాత్రం నింపే పద్ధతిలో ఉంది. ఈ తూటా అడుగున బయటికి పొడుచుకు వచ్చిన అంచు ఉంటుంది. మ్యాగజైన్‌లో పైతూటా అంచు కిందితూటా అంచుకు ముందు వైపు ఉండాలి. వెనక పడితే బోల్ట్ పైదాన్ని నెట్టినప్పుడు అది కిందిదాన్ని కూడా లాగుతుంది, రెండూ బిగుసుకుంటాయి. ఒక్కొక్క తూటానే పెట్టి, అంచుల వరుసను కళ్లతో చూసుకుని, తర్వాతది పెట్టండి. అప్పటికీ ఇరుక్కుంటే మ్యాగజైన్ పెదవులు (తూటాలను పట్టి ఉంచే పై అంచులు) ఎప్పుడో కింద పడి వంగి ఉంటాయి. వాటిని ఇంట్లో కట్టింగ్ ప్లేయరుతో వంచకుండా లైసెన్సు ఉన్న మరమ్మతుదారుకు చూపించండి. ఇరుక్కున్న తూటాను బోల్ట్‌తో బలవంతంగా నెట్టవద్దు. మ్యాగజైన్ తీసినంత మాత్రాన తుపాకి ఖాళీ అయినట్టు కాదు, గొట్టంలో ఒకటి మిగిలి ఉండవచ్చు కనుక బోల్ట్ తెరిచి కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోండి.

ప్రశ్న: రొయ్యల చెరువుల మీద నీటికాకులూ కొంగలూ వాలుతున్నాయి, లంక పొలాల్లోకి అడవిపందులు వస్తున్నాయి. రైఫిల్ లైసెన్సు ఉంది కదా, వాడుకోవచ్చా?
– భీమవరం, ముమ్మిడివరం ప్రాంతాల నుంచి పలువురు

జవాబు: వాడకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పక్షులను వేటాడడం నేరం. తుపాకి లైసెన్సు వేట లైసెన్సు కాదు. అడవిపంది పంటకు ప్రమాదమైనా అధీకృత అటవీ అధికారి రాతపూర్వకంగా అనుమతిస్తేనే ఎవరైనా కాల్చగలరు. పంట రక్షణ కోసం 1959 ఆయుధాల చట్టం ప్రస్తావించినది కూడా మూతి నుంచి మందు కూరే తుపాకినీ, అది చాలని చోట నున్నని గొట్టం (లోపల గాడులు లేని) తుపాకినీ మాత్రమే, రైఫిల్‌ను కాదు. చట్టాన్ని పక్కన పెట్టినా మీ నేల గుర్తుంచుకోండి. గుండును ఆపడానికి డెల్టాలో ఒక దిబ్బ కూడా లేదు. చెరువు నీటి మీద ఏటవాలుగా తగిలిన రైఫిల్ గుండు పైకి లేచి, కొబ్బరి తోట దాటి కిలోమీటరు అవతలి పాక దాకా పోగలదు. చెరువుల మీద వలలు కట్టండి, తీగలు లాగండి.

ప్రశ్న: నాకు 73 ఏళ్లు. రైఫిల్‌ను మా అబ్బాయి పేరు మీదికి మార్చవచ్చా?
– ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: మార్చవచ్చు. 70 ఏళ్లు నిండినా, తుపాకి మీ దగ్గర 25 ఏళ్లు ఉన్నా, మీరు సూచించిన చట్టబద్ధ వారసుడికి లైసెన్సు ఇచ్చే వీలును 2016 ఆయుధ నియమావళి కల్పించింది. మీ అబ్బాయి విడిగా దరఖాస్తు చేసుకోవాలి, పోలీసు విచారణ జరుగుతుంది, నిర్ణయం లైసెన్సింగ్ అధికారిది. ఆ కాగితం చేతికి వచ్చేవరకు బీరువా తాళంచెవి మీ మొలతాడుకే ఉండాలి, మీ అబ్బాయి దగ్గర కాదు.