చలికాలపు సెలవుల విందుకు తీపి, వెచ్చటి పానీయాలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

చలికాలం సెలవులకు ఇంటికి నలుగురూ చేరినప్పుడు సులువుగా చేసి పెట్టగల తీపి పదార్థాలు, తాగడానికి వెచ్చటివి చెప్పమని చాలామంది పాఠకులు రాశారు. చేస్తే ఎందుకు చెడిపోయిందో తెలియక అడిగినవాళ్లే ఎక్కువ. అందుకే కొలతలతో పాటు కారణాలు కూడా ఇస్తున్నాం. ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్‌లో ఉన్నాయి.

ప్రశ్న: పదిమందికి ఒకేసారి హాట్ చాక్లెట్ చేస్తే కోకో ఉండలు కట్టి పైకి తేలుతోంది. గిన్నె అడుగు కూడా మాడుతోంది. ఏం చేయాలి?

మనిషికి 200 మి.లీ. చొప్పున లెక్క వేసుకోండి. పదిమందికి 2 లీటర్ల చిక్కటి పాలు, తీపి లేని కోకో పొడి 60 గ్రాములు, పంచదార 150 గ్రాములు, సన్నగా తరిగిన డార్క్ చాక్లెట్ 150 గ్రాములు, పావు టీస్పూను ఉప్పు కావాలి. ఉప్పు మానేయకండి. అది లేకపోతే చాక్లెట్ రుచి చప్పగా అనిపిస్తుంది.

కోకో పొడిలో కొవ్వు, పిండి పదార్థం రెండూ ఉంటాయి. దాన్ని నేరుగా పాలలో వేస్తే పైపొర తడిసి బిగుసుకుంటుంది, లోపలి పొడి పొడిగానే మిగిలిపోతుంది. మీరు చూస్తున్న ఉండలు అవే. ముందు కోకో, పంచదార, ఉప్పు పొడిగానే బాగా కలపండి. పంచదార పలుకులు కోకో రేణువులను విడదీసి ఉంచుతాయి. తర్వాత 200 మి.లీ. మరిగే నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ జారుడు ముద్దలా చేసి, సన్న సెగ మీద ఒక నిమిషం కుతకుతలాడనివ్వండి. ఆ నిమిషంలోనే కోకో పచ్చి వాసన పోతుంది. అప్పుడు పాలు పోయండి.

అడుగంటడం పాల వల్ల జరిగేదే. వేడికి పాలలోని ప్రొటీన్లు అడుగుకు చేరి అతుక్కుని మాడతాయి. గిన్నె మందంగా ఉండాలి, మంట మధ్యస్థంగా ఉండాలి, అడుగు చదునుగా ఉన్న చెక్క గరిటెతో అడుగు తాకేలా కలుపుతూ ఉండాలి. అంచుల్లో బుడగలు వచ్చి ఆవిరి లేవగానే దించేసి చాక్లెట్ ముక్కలు వేయండి. రెండు నిమిషాలు కదపకుండా ఉంచి ఆ తర్వాత గిలకొట్టండి. ఒకవేళ అడుగంటినా గీకవద్దు. పైభాగాన్ని నెమ్మదిగా వేరే గిన్నెలోకి వంచి రుచి చూడండి. మాడు వాసన లేకపోతే నిశ్చింతగా వాడుకోవచ్చు. ఉంటే ఏం కలిపినా ఆ వాసన పోదు.

ఇంకా చిక్కగా కావాలంటే రెండు టీస్పూన్ల కార్న్‌ఫ్లోర్‌ని చల్లటి పాలలో కలిపి, చాక్లెట్ వేసేముందు పోసి, ఒకటి రెండు నిమిషాలు ఉడకనివ్వండి. ఉడకకపోతే పిండి రుచి తెలుస్తుంది. వడ్డించేదాకా మూతపెట్టి అతి సన్న సెగ మీద 60 డిగ్రీలకు తగ్గకుండా ఉంచండి. మూత ఉంటే మీగడ తక్కువ కడుతుంది. పొయ్యి మీంచి దించి రెండు గంటలకు మించి బయట ఉండిపోయిన పాల పానీయాన్ని మళ్లీ వేడిచేసి ఇవ్వకండి.

ప్రశ్న: చాక్లెట్ కరిగిస్తుంటే ఒక్కసారిగా గట్టిపడి ముద్దయిపోయింది. ఇంకోసారి సరిగ్గా కరిగింది గానీ, ఆరాక పైన తెల్లటి చారలు వచ్చాయి. రెండూ ఎందుకిలా అయ్యాయి?

మొదటిది నీటి వల్ల, రెండోది సరిగ్గా చల్లార్చకపోవడం వల్ల.

చాక్లెట్‌లో నీరు దాదాపు ఉండదు. కొవ్వులో పంచదార, కోకో రేణువులు తేలుతూ ఉంటాయి. తడి గరిటె పెట్టినా, ఆవిరి చుక్క పడినా ఆ కాస్త తేమకు రేణువులన్నీ ఒకదానికొకటి అంటుకుని ముద్ద కడతాయి. చిత్రం ఏమిటంటే, కొద్ది నీరు చెడగొట్టిన దాన్ని ఎక్కువ నీరు బాగుచేస్తుంది. 100 గ్రాములకు మూడు టేబుల్ స్పూన్ల వేడి పాలు లేదా క్రీమ్ ఒక్కొక్క స్పూనుగా పోస్తూ గిలకొడితే మళ్లీ నున్నగా అవుతుంది. కానీ అది ఇక గట్టిపడి పెళుసుగా విరగదు. సాస్‌గా వాడుకోండి, లేదా పైన చెప్పిన హాట్ చాక్లెట్‌లో కలిపేయండి. పారేయాల్సిన పనైతే లేదు. ముద్దతో పాటు మాడిన వాసన వస్తుంటే మాత్రం అది వేడి ఎక్కువై చెడింది, దాన్ని బాగుచేయలేం.

నీటి గిన్నె మీద కరిగించేటప్పుడు పై గిన్నె నీళ్లకు తగలకూడదు. అది కింది గిన్నె అంచును పూర్తిగా కప్పాలి. నీళ్లు మరిగాక పొయ్యి ఆపేసి ఆ వేడికే కరగనివ్వండి. మైక్రోవేవ్‌లో అయితే సగం పవర్‌లో 30 సెకన్లు పెట్టి కలపడం, మళ్లీ పెట్టడం. ముక్కలు ఆకారం పోకుండానే లోపల కరిగి ఉంటాయి కాబట్టి కంటితో చూసి నిర్ణయించవద్దు.

ఇక తెల్ల చారలు. కోకో వెన్న ఎలా చల్లారింది అన్నదాన్ని బట్టి వేర్వేరు రకాల స్ఫటికాలుగా గడ్డకడుతుంది. వాటిలో ఒక్క రకమే మెరుపునూ టక్కున విరిగే గుణాన్నీ ఇస్తుంది. కరిగించి వదిలేస్తే మిగతా రకాలు ఏర్పడి, కొవ్వు పైకి తేలి చారలుగా కనిపిస్తుంది. దీనికి టెంపరింగ్ చేయాలి, అంటే చాక్లెట్‌ని కరిగించి లెక్క ప్రకారం చల్లార్చాలి. 400 గ్రాముల డార్క్ చాక్లెట్‌లో 270 గ్రాములు 45 నుంచి 50 డిగ్రీల మధ్య కరిగించండి. దించి, మిగిలిన 130 గ్రాముల తరుగును మూడు విడతలుగా వేస్తూ కలుపుతూనే ఉండండి. కరగని చాక్లెట్‌లో మనకు కావాల్సిన స్ఫటికాలు ముందే ఉంటాయి, అవి మిగతాదాన్ని దారిలో పెడతాయి. ఉష్ణోగ్రత 31, 32 డిగ్రీలకు దిగినప్పుడు సిద్ధమైనట్టు. మిల్క్ చాక్లెట్‌కు 29, 30 డిగ్రీలు చాలు, కరిగించేటప్పుడు కూడా 45 దాటనివ్వద్దు. చాకు కొసను ముంచి పక్కన పెట్టండి. చల్లటి గదిలో అయిదు నిమిషాల్లో మెరుస్తూ గట్టిపడితే సరిగ్గా కుదిరింది.

ఆ చాక్లెట్‌ని బేకింగ్ పేపర్ మీద అర సెంటీమీటరు మందాన పరిచి, వేయించి పూర్తిగా చల్లార్చిన బాదం, పిస్తా వంటివి 80 గ్రాములు, ఎండు పండ్ల ముక్కలు 50 గ్రాములు చల్లితే చాక్లెట్ బార్క్ అయిపోతుంది. గట్టిపడ్డాక చేత్తో విరవండి. తాజా పండ్లు వేయవద్దు, వాటి తేమ చాక్లెట్‌ని పాడుచేస్తుంది. గది వెచ్చగా ఉంటే ఫ్రిజ్‌లో 10, 15 నిమిషాలు చాలు. గంటలు ఉంచి తీస్తే చల్లటి చాక్లెట్ మీద గాలిలోని తేమ చెమరుస్తుంది. అది ఆరినప్పుడు కరిగిన పంచదార పైన గరుకు పొడిగా మిగులుతుంది. చారలైనా పొడైనా తినడానికి హాని లేదు.

ఇంత పని వద్దనుకుంటే కాంపౌండ్ చాక్లెట్ ఉంది. అందులో కోకో వెన్న బదులు వేరే కొవ్వు ఉంటుంది కాబట్టి కరిగించి పోస్తే చాలు. నోట్లో కరిగే తీరులోనూ రుచిలోనూ మాత్రం అసలు చాక్లెట్‌కు సాటిరాదు. విందుకు చేసేటప్పుడు ఆ పావుగంట శ్రమ పడమనే మా సలహా.

ప్రశ్న: వేడి పానీయం పోయగానే గాజు గ్లాసు చిట్లింది. లోపల చెంచా వేస్తే చిట్లదంటారు, నిజమేనా?

లోహపు చెంచా కొంత వేడిని లాక్కుంటుంది కాబట్టి కొంతే నిజం, దాన్నే నమ్ముకోవద్దు. గాజు లోపలి వైపు వేడికి సాగుతుంటే బయటి వైపు చల్లగా ఉండిపోవడం వల్ల చిట్లుతుంది. మందపాటి గ్లాసుకు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. వేడి పానీయాలకు తయారైన గ్లాసులే వాడండి, ముందు గోరువెచ్చటి నీళ్లతో తొలిచి పోయండి. పింగాణీ కప్పులైతే ఇంకా మంచిది.

ప్రశ్న: మసాలా దినుసులతో వేడి ఆపిల్ జ్యూస్ చేస్తే చేదొచ్చింది.

నారింజ ముక్కలను చివరిదాకా అందులోనే ఉంచి ఉంటారు. తొక్క కింది తెల్లటి పొర ఎక్కువసేపు ఉడికితే చేదు దిగుతుంది. రెండు లీటర్ల ఆపిల్ జ్యూస్‌కు రెండు దాల్చినచెక్క ముక్కలు, అయిదారు లవంగాలు, చితక్కొట్టిన అల్లం 20 గ్రాములు వేసి, మరగనివ్వకుండా ఆవిరి మాత్రమే లేచే సెగ మీద 25 నిమిషాలు ఉంచండి. నారింజ చక్రాలు ఆఖరి పది నిమిషాలే వేసి, మొత్తం వడకట్టేయండి. దినుసులు అలాగే ఉండిపోతే గంట గడిచేసరికి లవంగం మిగతా రుచులన్నిటినీ మింగేస్తుంది. పొడులు వాడితే జ్యూస్ మడ్డిగా మారి గొంతులో గరుకుగా తగులుతుంది. పంచదార చివర్లో, రుచి చూశాకే వేయండి. చాలా జ్యూస్‌లకు అసలు అవసరం ఉండదు, అర నిమ్మకాయ రసం పిండితే చాలు.

ప్రశ్న: పాలు, పంచదార, పచ్చి గుడ్లతో చేసే ఎగ్‌నాగ్ అనే పానీయం తాగవచ్చా? మద్యం కలిపితే భయం లేదంటారు.

మద్యాన్ని నమ్ముకోవద్దు. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండే అవకాశం ఉంది. దాన్ని వేడితోనే పోగొట్టాలి. గర్భిణులకు, చిన్నపిల్లలకు, పెద్ద వయసువాళ్లకు పచ్చి గుడ్డు పానీయం ఇవ్వనే వద్దు.

ఉడికించి చేసేది రుచిలో ఏమీ తగ్గదు. ఆరు పచ్చసొనలు, 100 గ్రాముల పంచదార తెల్లబడేదాకా గిలకొట్టండి. 750 మి.లీ. పాలను ఆవిరి వచ్చేదాకా కాచి, అందులోంచి ఒక కప్పు పాలను సన్న ధారగా సొనలో పోస్తూ కలపండి. సొన వేడికి అలవాటుపడ్డాక మొత్తం గిన్నెలోకి వంచండి. సన్న సెగ మీద కలుపుతూ 71 డిగ్రీలు దాటించండి, 80 దాకా మాత్రం పోనివ్వద్దు. అంతకు మించితే సొన గడ్డకట్టి పలుకులవుతుంది. థర్మామీటర్ లేకపోతే చెంచా వెనకవైపు అంటుకున్న పొర మీద వేలితో గీత గీసి చూడండి. గీత కలిసిపోకుండా నిలవాలి. అయితే పచ్చి గుడ్డు విషయంలో ఈ గుర్తు కన్నా థర్మామీటరే నమ్మకం. దించి, 250 మి.లీ. క్రీమ్, అర టీస్పూను జాజికాయ పొడి కలిపి వడకట్టి, గిన్నెను చల్లటి నీళ్లలో ఉంచి చల్లార్చి, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. రెండు రోజుల్లో వాడేయాలి.

గుడ్డు తినని వాళ్లకు లీటరు పాలకు రెండు టేబుల్ స్పూన్ల కస్టర్డ్ పొడి కలిపి ఉడికించి, ఇదే జాజికాయ వేయండి. పొట్లం మీద గుడ్డు లేదని రాసి ఉందో లేదో చూసుకోండి.

ప్రశ్న: క్యారమెల్ పాప్‌కార్న్ మర్నాటికి మెత్తబడి పళ్లకు అంటుకుంటోంది.

పాకంలో నీరు మిగిలిపోయింది. 100 గ్రాముల గింజలు మూడు టేబుల్ స్పూన్ల నూనెలో పేల్చండి. మూత కాస్త ఓరగా పెడితే ఆవిరి బయటికి పోయి కరకరలాడతాయి. పేలని గింజలన్నీ ఏరేయండి, పాకం పట్టాక అవి కనపడవు, పన్ను విరగ్గొడతాయి.

100 గ్రాముల వెన్న, 200 గ్రాముల బ్రౌన్ షుగర్, 60 మి.లీ. లిక్విడ్ గ్లూకోజ్, అర టీస్పూను ఉప్పు పెద్ద గిన్నెలో కరిగించి, మరగడం మొదలయ్యాక కలపకుండా నాలుగు నిమిషాలు ఉంచండి. గ్లూకోజ్ వల్ల పంచదార పలుకు కట్టదు. దాని బదులు తేనె వాడవచ్చు గానీ తేనె గాలిలోని తేమను లాగుతుంది, త్వరగా జిగురెక్కుతుంది. దించి అర టీస్పూను వంటసోడా వేయగానే పాకం పొంగుతుంది. ఆ గాలి బుడగలే పూతను గుల్లగా చేస్తాయి. పాప్‌కార్న్‌కు పట్టించి 120 డిగ్రీల ఓవెన్‌లో 45 నిమిషాలు, పావుగంటకోసారి కలుపుతూ ఉంచండి. మీరు మానేసిన మెట్టు బహుశా ఇదే. తేమ ఆరేది ఇక్కడే.

ఓవెన్ లేకపోతే పాకాన్ని 150 డిగ్రీల దాకా ముదరనివ్వాలి. చల్లటి నీళ్లలో చుక్క వేస్తే టక్కున విరగాలి, సాగితే ఇంకా ఉడకాలి. ఈ పాకం చర్మానికి అంటుకుంటే వదలదు, కాబట్టి పిల్లల్ని దూరంగా ఉంచండి. కాలితే ఐసు పెట్టకుండా 20 నిమిషాలు చల్లటి కుళాయి నీళ్ల కింద ఉంచండి. పాప్‌కార్న్ పూర్తిగా చల్లారిన వెంటనే గాలి చొరని డబ్బాలో వేసేయండి.

ప్రశ్న: షార్ట్‌బ్రెడ్ బిస్కెట్లు ఓవెన్‌లో పరుచుకుపోతున్నాయి.

వెన్న బాగా మెత్తబడిపోయి ఉంటుంది. పంచదార ఒక వంతు, వెన్న రెండు వంతులు, మైదా మూడు వంతులు అన్న లెక్కన 100, 200, 300 గ్రాములు తీసుకోండి. వేలు నొక్కితే గుంట పడాలి గానీ వెన్న నూనెలా మెరవకూడదు. పొడి పంచదారతో కలిసేంత వరకే కలిపి, మైదా వేసి ముద్ద చేయండి. పొడిపొడిగా ఉందని నీళ్లు చల్లితే బిస్కెట్టు గట్టిబడుతుంది, చేతి వేడికే దగ్గరపడుతుంది. కోసిన బిస్కెట్లను ఫ్రిజ్‌లో అరగంట ఉంచి, 160 డిగ్రీల దగ్గర 20 నుంచి 25 నిమిషాలు కాల్చండి. రెండో వాయిని వేడి పళ్లెం మీద పెట్టకండి. బయటికి తీసినప్పుడు మెత్తగానే ఉంటాయి, చల్లారాక గట్టిపడతాయి.

ప్రశ్న: వచ్చేవాళ్లలో చిన్నపిల్లలు, బాదం, పిస్తా వంటి గింజలు పడనివాళ్లు ఉన్నారు. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

నాలుగేళ్ల లోపు పిల్లలకు పాప్‌కార్న్, బాదం వంటి గట్టి గింజలు ఇవ్వకండి, గొంతుకు అడ్డం పడతాయి. ఏడాది నిండని వాళ్లకు తేనె వేసినది ఏదీ వద్దు. అలర్జీ ఉన్నవాళ్ల కోసం గింజలు లేని వాయి ముందు చేసి, మూతపెట్టి పక్కన ఉంచాకే మిగతావి మొదలుపెట్టండి. గరిటెలు, కత్తి, పలక వేరుగా ఉండాలి. చాక్లెట్ పొట్లం మీద గింజల జాడలు ఉండవచ్చని రాసి ఉందేమో చదవండి. బల్ల మీద పక్కపక్కన పెడితే ఒకే చెంచా రెండింట్లోనూ పడుతుంది. అందుకని ఆ పళ్లెం వేరే చోట, పేరు రాసిన చీటీతో పెట్టండి.