ఆలోచన వల్ల జబ్బా, జబ్బు వల్ల ఆలోచనా?

ప్రశ్న: మా తమ్ముడు హన్మకొండలో రూమ్ తీసుకుని గ్రూప్స్‌కు చదువుతున్నాడు. ఒకసారి ఫెయిలయ్యాక "నేను దేనికీ పనికిరాను" అంటూ తిండి కూడా సరిగా తినట్లేదు. కౌన్సెలర్ అతని ఆలోచనా తీరులోనే ఇబ్బంది ఉందన్నారు. అంటే తప్పు వాడిదేనా?
– ఒక అక్క, పరకాల

జవాబు: కాదమ్మా, ఇందులో తప్పొప్పుల్లేవు. 1960ల్లో అమెరికా సైకియాట్రిస్టు ఆరన్ బెక్ గమనించింది ఏంటంటే, డిప్రెషన్ ఉన్నవాళ్లకు తమ గురించి, లోకం గురించి, రేపటి గురించి చెడ్డ ఆలోచనలే పిలవకుండా వచ్చిపడుతుంటాయి. కాజీపేట స్టేషన్లో దోస్త్ పలకరించకుండా పోయాడనుకోండి, ఒకరు "ట్రైన్ తొందరేమో" అనుకుంటారు, మీ తమ్ముడు "ఫెయిలయ్యానని మొహం చాటేశాడు" అనుకుంటాడు. జరిగింది ఒకటే. సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) అనే మాటలతో చేసే చికిత్సలో ఆ ఆలోచనను పట్టుకుని, దానికి రుజువేంటో అతనితోనే వెతికిస్తారు. "పాజిటివ్‌గా ఉండు" అని లెక్చర్ ఇవ్వడం కాదు, అది మన చుట్టాలు ఉచితంగానే ఇస్తారు!

అయితే ఆలోచనల వల్ల డిప్రెషన్ వస్తుందా, డిప్రెషన్ వల్లే ఆ ఆలోచనలొస్తాయా అన్న వాదన ఇంకా తెగలేదు. వంశం, శరీరం, ఉద్యోగం లేని టెన్షన్ కూడా లెక్కలోకి వస్తాయి, అవసరమైతే మందులూ వాడతారు. చచ్చిపోవాలనుంది అన్న మాట వస్తే మాత్రం ఆగకండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు వెంటనే ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.