సెకండ్‌హ్యాండ్ మీడియం ఫార్మాట్ లెన్సు: ఆటోఫోకస్ సంగతి డబ్బు కట్టకముందు, కట్టాక

ప్రశ్న: అమెరికా వచ్చి ఎనిమిది నెలలైంది. మీడియం ఫార్మాట్ (మామూలు కెమెరాలకంటే పెద్ద సెన్సరు ఉండే) కెమెరా ఫుజీ జీఎఫ్‌ఎక్స్ 50ఎస్ బాడీ వాడినది తీసుకున్నాను. ఇప్పుడు 110 ఎంఎం ఎఫ్/2 లెన్సు కూడా సెకండ్‌హ్యాండ్‌లోనే చూస్తున్నాను. అమ్మేవాళ్ళందరూ ‘టెస్ట్ చేశాం, ఆటోఫోకస్ బాగుంది’ అనే రాస్తున్నారు. ఎంతవరకు నమ్మొచ్చు? పాత పెంటాక్స్, కాంటాక్స్ లెన్సులు కూడా కనిపిస్తున్నాయి. అవి తీసుకుంటే?

జవాబు: గ్లాసు మీద గీతలున్నాయా, ఫంగస్ ఉందా అని అందరూ చూస్తారు. మీరు వాటికంటే ముందు అడగాల్సింది వేరే ఉంది. ఆ లెన్సులో ఫోకస్ తిప్పే మోటరు ఎక్కడుంది? అది పోతే మీ చేతిలో ఏం మిగులుతుంది? మీడియం ఫార్మాట్‌లో ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి కాబట్టి, ఎంత ధర పెట్టొచ్చన్నది ఈ జవాబును బట్టే ఉంటుంది.

పెంటాక్స్ 645ఎన్ 1997లో వచ్చింది. దాని ఎఫ్ఏ లెన్సుల్లో మోటరే ఉండదు. మోటరు బాడీలో ఉంటుంది. మౌంటు (లెన్సు బిగించే చోటు) మీద స్క్రూడ్రైవరు మొనలాంటి చిన్న ఇరుసు ఒకటి పైకి లేచి, లెన్సు వెనక ఉన్న గాడిలో కూర్చుని తిప్పుతుంది. 1999లో వచ్చిన మామియా 645ఏఎఫ్ కూడా ఇలాగే పనిచేస్తుంది. ఇలాంటి లెన్సుల్లో పాడవడానికి పెద్దగా ఏమీ లేదు. గాడి అంచులు అరగడం, లోపలి గ్రీజు ముదిరి బిగుసుకోవడం, ఈ రెండే ఎక్కువ. గ్రీజు బిగుసుకుంటే బాడీ మోటరు మూలుగుతూ నెమ్మదిగా లాగుతుంది. తర్వాతి కాలంలో పెంటాక్స్ తెచ్చిన ఎస్‌డీఎమ్ లెన్సులు ఈ లెక్కలోకి రావు. 55 ఎంఎం ఎఫ్/2.8 లాంటి వాటిలో మోటరు లెన్సు లోపలే ఉంటుంది.

కాంటాక్స్ 645 కూడా 1999 నాటిదే. దీని లెన్సుల్లో అల్ట్రాసోనిక్ మోటరు లోపలే ఉంటుంది. 120 ఎంఎం మ్యాక్రో ఒక్కదానికే ఆటోఫోకస్ లేదు. కాబట్టి దాన్ని ‘ఏఎఫ్ (ఆటోఫోకస్) పనిచేయడం లేదు’ అని తక్కువకు అమ్మినా, ‘ఏఎఫ్ సూపర్’ అని ఎక్కువకు అమ్మినా ఆ అమ్మేవారికి లెన్సు గురించి తెలియదని అర్థం. కాంటాక్స్ కెమెరాల తయారీ నుంచి క్యోసెరా 2005లో తప్పుకుంది. అంటే మోటరు పోతే కొత్తది కంపెనీ నుంచి రాదు, ఇంకో చచ్చిన లెన్సులోంచి పీకి వేయాల్సిందే. 80 ఎంఎం ఎఫ్/2కి పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్లలో ఉన్న మోజు వల్ల ధర మాత్రం దిగదు. బొమ్మ అందంగా వస్తుంది, అందులో సందేహం లేదు. కానీ ఆటోఫోకస్ కోసమే కొనేవాళ్ళకు మా సలహా: వద్దు.

హాసెల్‌బ్లాడ్ హెచ్ వరుస 2002లో మొదలైంది. దాని హెచ్‌సీ లెన్సులను తయారుచేసింది ఫుజీయే. మోటరు, షట్టరు రెండూ లెన్సులోనే ఉంటాయి. లెన్సు షట్టరు ఎన్నిసార్లు కొట్టిందో బాడీ మెనూలోని సిస్టమ్ స్టేటస్‌లో చూడొచ్చు. కానీ ఆ అంకె షట్టరు వయసు చెబుతుంది, ఫోకస్ మోటరుది చెప్పదు. స్టూడియోలో ఒక్కో షాటుకు ముందు పదిసార్లు ఫోకస్ పట్టినా లెక్కలో పడేది ఒక్కటే.

ఇప్పటిదాకా చెప్పిన పాత లెన్సులన్నిటికీ ఒక మేలుంది. మోటరు పోయినా రింగు తిప్పితే గ్లాసు కదులుతుంది, మాన్యువల్ లెన్సుగా బతికిపోతుంది. మీ జీఎఫ్‌ఎక్స్‌కు ఫుజీ చేసే జీఎఫ్ లెన్సులు (మీరు చూస్తున్న 110 కూడా ఇదే వరుస) అలా కాదు. వాటి రింగుకూ గ్లాసుకూ మధ్య ఏ లంకే లేదు. మీరు రింగు తిప్పితే ఆ కదలికను సెన్సరు చదివి మోటరుకు చెబుతుంది, మోటరే గ్లాసును జరుపుతుంది. కాబట్టి మోటరు పోతే ఆటోఫోకస్‌తో పాటు చేతి ఫోకస్ కూడా పోతుంది. హాసెల్‌బ్లాడ్ అద్దంలేని ఎక్స్ కెమెరాల ఎక్స్‌సీడీ లెన్సులదీ ఇదే పరిస్థితి. అందుకే ‘ఏఎఫ్ కొంచెం ఆగి ఆగి పనిచేస్తుంది, మాన్యువల్‌లో వాడుకోవచ్చు’ అని ఎవరైనా జీఎఫ్ లెన్సును సగం ధరకు ఇస్తామంటే అటువైపు కూడా వెళ్ళొద్దు.

ఇంకో పొరపాటు కొత్తవాళ్ళు తరచూ చేస్తారు. లెన్సు మీద ఏఎఫ్ అని ఉంటే ఏ అడాప్టరుతోనైనా (వేరే కంపెనీ లెన్సును బాడీకి తగిలించే రింగు) జీఎఫ్‌ఎక్స్ మీద ఆటోఫోకస్ వస్తుందనుకుంటారు. పెంటాక్స్ ఎఫ్ఏ లెన్సును తిప్పే ఇరుసు జీఎఫ్‌ఎక్స్ బాడీలో లేదు, కాబట్టి రాదు. ఫుజీ సొంత అడాప్టరుతో హెచ్‌సీ లెన్సు పెడితే దాని షట్టరు పనిచేస్తుంది కానీ ఫోకస్ చేత్తోనే. కాంటాక్స్ లెన్సులకు మాత్రం ఏఎఫ్ ఇచ్చే ఫ్రింజర్ అడాప్టరు ఉంది. అది తడబడితే తప్పు లెన్సుదా, అడాప్టరుదా అని తేల్చడం కష్టం, వీలైతే కాంటాక్స్ బాడీ మీదే పెట్టి చూడండి.

ఇక మీరడిగిన 110. పేరులో ఎల్‌ఎమ్ ఉందంటే లీనియర్ మోటరు. అయస్కాంత బలంతో గ్లాసు గుంపు పట్టాల మీద జారినట్టు జారుతుంది, పళ్ళచక్రాలు ఉండవు. కెమెరా ఆపేస్తే దాన్ని పట్టి ఉంచే బలం పోతుంది. అందుకే ఇలాంటి కొన్ని లెన్సులను చేతిలో అటూ ఇటూ వంచితే లోపల ఏదో ఊడిపోయినట్టు టక్‌మని కదులుతుంది. అది లోపం కాదు, కంగారుపడి తిప్పి పంపకండి. కెమెరా ఆన్ చేశాక కూడా ఆ చప్పుడు ఆగకపోతే అప్పుడు అనుమానించాలి. 63 ఎంఎం ఎఫ్/2.8, 45 ఎంఎం ఎఫ్/2.8 పేర్లలో ఎల్‌ఎమ్ ఉండదు. వాటి మోటరు మామూలుది, ఫోకస్ పట్టేటప్పుడు గుర్రుమనడం సహజం. 63లో ముందు గ్లాసు గుంపు బయటి గొట్టం లోపల ముందుకూ వెనక్కూ కదలడం కంటికి కనిపిస్తుంది. వినాల్సింది చప్పుడు ఉందా లేదా అని కాదు, ప్రతిసారీ ఒకేలా ఉందా అని. ఫోన్‌ను లెన్సు పక్కన పెట్టి, ఫోకస్‌ను దూరం నుంచి దగ్గరకు పదిసార్లు పట్టించి రికార్డు చేయండి. మధ్యలో ఒకచోట చప్పుడు తెగడమో, గీరుకున్నట్టు వినపడడమో ఉంటే అక్కడే తేడా ఉంది.

అమ్మేవారు పంపే వీడియో విషయంలోనూ ఒక జాగ్రత్త. మీ 50ఎస్ ఫోకస్ పట్టేది కాంట్రాస్టు పద్ధతిలో, అంటే బొమ్మ ఎక్కడ పదునుగా ఉందో వెతుక్కుంటూ. సరైన చోటు దాటి కాస్త ముందుకు పోయి, మళ్ళీ వెనక్కి వచ్చి ఆగుతుంది. జీఎఫ్‌ఎక్స్ 100, 100ఎస్‌లలో సెన్సరు మీదే ఫేజ్ డిటెక్షన్ (ఎటు, ఎంత జరపాలో ముందే లెక్కగట్టే పద్ధతి) ఉంది, ఒక్క దూకులో పట్టేస్తాయి. వీడియోలో 100ఎస్ మీద చురుగ్గా కనిపించిన లెన్సు మీ బాడీ మీద నెమ్మదిగా అనిపిస్తే అది మోసం కాదు.

ప్రశ్న: లెన్సు ఇంటికి వచ్చాక ఏ వరుసలో పరీక్షించాలి?

చలికాలంలో షికాగో, మినియాపొలిస్ లాంటి చోట్ల ఉంటే పార్సెల్ రాగానే విప్పొద్దు. గడ్డకట్టిన పెట్టె వెచ్చటి ఇంట్లో తెరిస్తే గ్లాసు లోపల చెమ్మ పడుతుంది. మూసిన పెట్టెను మూడు నాలుగు గంటలు అలాగే ఉంచండి.

తర్వాత మౌంటు వైపు బంగారు రంగు కాంటాక్టులు చూడండి. వేలిముద్రల జిడ్డుతో మసకబారి ఉంటే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక్క చుక్క నూలు పోగులు రాలని గుడ్డ మీద వేసి తుడవండి. నేరుగా పోయొద్దు. ఫోకస్ మధ్యలో ఆగిపోయి ‘కెమెరా ఆపి మళ్ళీ ఆన్ చేయండి’ అని వచ్చే సందేశాలకు కొన్నిసార్లు ఇదే మందు. డిస్ప్/బ్యాక్ బటన్ నొక్కి పట్టుకుని కెమెరా ఆన్ చేస్తే బాడీ, లెన్సు ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) నంబర్లు రెండూ వస్తాయి. రెండూ తాజాగా ఉన్నాకే లెన్సును తప్పుపట్టాలి. బ్యాటరీ నిండుగా ఉండాలి. ముఖం, కన్ను గుర్తించే సెట్టింగు ఆపేయండి, ప్రీ ఏఎఫ్ (బటన్ నొక్కకముందే ఫోకస్ వెతికే సెట్టింగు) ఆపేయండి, రిలీజ్/ఫోకస్ ప్రయారిటీని ఫోకస్‌కు మార్చండి. లేకపోతే ఫోకస్ పట్టకపోయినా షట్టరు కొట్టేస్తుంది, మీరు లెన్సును తిడతారు.

గురిపెట్టడానికి చార్టులేమీ కొననక్కర్లేదు. ఇంట్లో తెలుగు క్యాలెండరు ఉంటే దాన్ని మించినది లేదు. తిథి, వర్జ్యం, దుర్ముహూర్తం గడుల్లో చీమల బారులా ఉండే అక్షరాలు చూడండి, ఫోకస్ వెంట్రుకవాసి తప్పినా అవి అలుక్కుపోతాయి. కిటికీ వెలుగు బాగా పడే గోడకు క్యాలెండరును నాలుగు మూలలా టేపు వేసి చదునుగా అతికించండి. ట్రైపాడ్ మీద కెమెరా, 2 మీటర్ల దూరం, ఎఫ్/2, 2 సెకన్ల టైమరు, మధ్యలో ఒకే ఫోకస్ పాయింటు. బాడీ వెనక ఫోకస్ మీటను ఎమ్‌కు (చేతి ఫోకస్) మార్చి రింగును అనంతం దాకా తిప్పండి, మళ్ళీ ఎస్‌కు (ఆటోఫోకస్) తెచ్చి ఫోకస్ పట్టించి తీయండి. ఇలా పది. తర్వాత రింగును అతి దగ్గరి దూరానికి తిప్పి మరో పది. కంప్యూటరులో 100 శాతం పెద్దవి చేస్తే ఇరవైలో అక్షరాల పదును ఒకేలా ఉండాలి. ఒకటి తప్పితే ఆ పది మళ్ళీ తీయండి. ఒకవైపు నుంచి వచ్చినప్పుడు మాత్రమే మూడో నాలుగో తప్పుతుంటే లెన్సు వెనక్కి పంపేయండి.

ట్రైపాడ్ ఎందుకంత పట్టు అంటే, 110 ఎంఎంతో ఎఫ్/2 దగ్గర మీటరున్నర దూరంలో 100 శాతంలో పదునుగా కనిపించే లోతు సెంటీమీటరు కంటే తక్కువ. చేత్తో పట్టుకుంటే మీ ఒళ్ళు ఊపిరి తీసేటప్పుడు అంతకంటే ఎక్కువ ఊగుతుంది. ‘కంటికి పెడితే చెవికి పడింది’ అనే ఫిర్యాదుల్లో చాలావరకు ఇక్కడివే.

రెండో పరీక్షను చాలామంది వదిలేస్తారు, అలసిన మోటరు దొరికిపోయేది మాత్రం ఇందులోనే. లెన్సును నిట్టనిలువుగా పైకి ఎత్తి సీలింగుకున్న స్మోక్ డిటెక్టరు మీది అక్షరాలకు పదిసార్లు ఫోకస్ పట్టించండి. తర్వాత నేల మీద పరిచిన కాగితం మీదికి నిలువుగా కిందికి పెట్టి పదిసార్లు. ఈ లెన్సు 90 సెంటీమీటర్ల కంటే దగ్గర పట్టదు, ఆ దూరం ఉంచండి. అడ్డంగా ఉన్నప్పుడు గ్లాసు బరువు పట్టాల మీద ఉంటుంది. నిలువుగా పెడితే ఆ బరువంతా మోటరే ఎత్తాలి. అడ్డంగా చక్కగా పట్టి, పైకి పెట్టగానే సగంలో జారిపోతే అది ఎక్కువ రోజులు ఉండదు. చివరగా ఏఎఫ్-సీలో (ఆగకుండా ఫోకస్ పడుతూ ఉండే మోడ్) పావుగంట ఆపకుండా దూరానికీ దగ్గరకూ తిప్పి, వేడెక్కాక మళ్ళీ క్యాలెండరు దగ్గర ఐదు తీయండి.

మధ్యలో పదునుగా ఉండి ఒక మూల మాత్రం మసగ్గా ఉంటే ఫోకస్ పాయింటును ఆ మూలకే జరిపి తీయండి. మిగతా మూడు మూలలు బాగుండి అదొక్కటే మసకగా ఉంటే లోపలి గ్లాసు పక్కకు ఒరిగింది. ఎక్కడో కింద పడిన లెన్సు అని అనుకోవచ్చు. ఇది ఆటోఫోకస్ లోపం కాదు, కానీ వెనక్కి పంపడానికి అదీ చాలు.

పెంటాక్స్ 645జెడ్ లాంటి అద్దం కెమెరాల్లో ఇంకో మెలిక ఉంది. వ్యూఫైండరులో ఫోకస్ పట్టేది వేరే సెన్సరు. ట్రైపాడ్ మీదే లైవ్ వ్యూలో (వెనక తెర మీద చూస్తూ) పది, వ్యూఫైండరుతో పది తీసి పోల్చండి. లైవ్ వ్యూ పదునుగా ఉండి రెండోది ఎప్పుడూ ఒకేవైపు తప్పుతుంటే మెనూలోని ఏఎఫ్ ఫైన్ అడ్జస్ట్‌మెంటుతో సరిదిద్దుకోవచ్చు, లెన్సును వదులుకోనక్కర్లేదు. ఒకసారి ముందుకూ ఒకసారి వెనక్కూ పోతుంటే ఏ సర్దుబాటూ పనిచేయదు. ఫిల్ము బాడీ అయితే 120 రోలులో 16 ఫ్రేములు వస్తాయి, పరీక్షకు సరిపోతాయి. కానీ ల్యాబు నుంచి స్కాన్లు వచ్చేసరికి వాపసు గడువు దాటిపోవచ్చు. రోలు తొందరగా కడిగే ల్యాబు ముందే చూసుకుని ఆర్డరు పెట్టండి.

ప్రశ్న: ఎవరి దగ్గర కొనాలి, డబ్బు ఎలా కట్టాలి?

వాడిన సామాను అమ్మే పెద్ద కొట్లలో కేఈహెచ్, ఎంపీబీ ఆరు నెలల వారంటీ ఇస్తూ వచ్చాయి. కొనే రోజున షరతులు మళ్ళీ చదవండి. అక్కడ ధర కాస్త ఎక్కువున్నా, మోటరు లోపలున్న లెన్సుకు ఆ ఎక్కువ పెట్టడం న్యాయమే. ఈబేలో లెన్సు వర్ణనకు తగ్గట్టు లేకపోతే ఫిర్యాదుకు సాధారణంగా 30 రోజులు ఉంటాయి. పేపాల్‌లో గూడ్స్ అండ్ సర్వీసెస్ కింద కడితే 180 రోజులు. ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ కింద పంపితే ఆ రక్షణ లేదు, జెల్‌లో (Zelle, బ్యాంకు నుంచి బ్యాంకుకు నేరుగా డబ్బు పంపే సేవ) అసలే లేదు. మన వాట్సాప్ గ్రూపుల్లో ‘మనవాళ్ళే కదా’ అని జెల్ కొట్టేసి, మొహమాటంతో పరీక్ష కూడా చేయకుండా తెచ్చుకునేవాళ్ళు చాలామంది. మీ బాడీ తీసుకెళ్ళి, వాళ్ళ ముందే పైకీ కిందికీ పెట్టి పదిసార్లు ఫోకస్ పట్టించి చూడండి. పెద్దమనుషులైతే ఏమీ అనుకోరు.

హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్న తమ్ముడికో బావమరిదికో కొని, ఎవరో వెళ్తుంటే సూట్‌కేసులో పంపేవాళ్ళకు ఇంకో మాట. అక్కడ వాళ్ళు పెట్టె విప్పేసరికి ఇక్కడి వాపసు గడువు అయిపోతుంది. మీ దగ్గర ఆ బాడీ లేకపోతే ఒకటి అద్దెకు తెచ్చి ఇక్కడే అన్ని పరీక్షలూ పూర్తి చేయండి. లెన్సురెంటల్స్ లాంటి సంస్థలు పోస్టులో పంపుతాయి. లెన్సు వాపసు గడువు మొదలయ్యే వారానికే అద్దె బాడీ చేరేలా తేదీలు చూసుకోండి. పంపేటప్పుడు చేతిసంచిలోనే పెట్టించండి.

వాపసు అడగాల్సి వస్తే ‘ఏఎఫ్ బాగాలేదు’ అని రాయకండి. ఏ బాడీ, ఏ ఫర్మ్‌వేర్, ఎంత దూరం, ఇరవైలో ఎన్ని తప్పాయి, ఏ వైపు నుంచి వచ్చినప్పుడు అన్నవి రాసి, రెండు ఫొటోలు, స్మోక్ డిటెక్టరు దగ్గర తీసిన చప్పుడు వీడియో జతచేయండి. లెన్సు సీరియల్ నంబరు కూడా ఫొటో తీసి పెట్టండి. ఎల్‌ఎమ్ లెన్సులో గ్లాసు వదులుగా కదులుతుంది కాబట్టి, చుట్టూ కనీసం రెండంగుళాల మెత్త వేసి, పెట్టెలో కదలకుండా బిగించి, ఇన్సూరెన్సు తీసుకునే పంపండి.