కంపెనీలకు ఎకరాలిస్తున్నారు, మా షెడ్డుకు ఏమిస్తున్నారు?

ప్రశ్న: మేడమ్, నాకు బాలానగర్‌లో చిన్న మెషిన్ షాపు ఉంది. రెండు లేత్‌లు, ఒక మిల్లింగ్, అప్పు చేసి కొన్న ఒక వీఎంసీ (కంప్యూటర్‌తో నడిచే మిల్లింగ్ మెషిన్). ఎనిమిది మంది పనివాళ్లు. మా పెద్దమ్మాయి ఈ ఏడాదే మెకానికల్ బీటెక్ పూర్తి చేసింది. షాపుకొస్తానంటోంది. నాకు ఇష్టం లేదు. పేపరు తీస్తే చాలు, ఏదో ఒక కంపెనీ వస్తోంది, వేల ఉద్యోగాలంటున్నారు. వాళ్లకు భూములు, కరెంటు రాయితీలు, పన్ను వాపసులు. మాకు ప్రభుత్వం నుంచి వచ్చేవి నోటీసులే. అందుకే అమ్మాయిని ఏఐ, డేటా సైన్స్ కోర్సులో చేర్పించి కంపెనీల వైపు పంపుదామనుకుంటున్నాను. ఫీజు 3 లక్షల 40 వేలు. ప్లేస్‌మెంట్ గ్యారంటీ అంటున్నారు. బాబు ఇంటర్ చదువుతున్నాడు, షాపు ఎలాగూ వాడు చూసుకుంటాడు. కంపెనీ ఉద్యోగమా, సొంత షాపా? దేనికి భవిష్యత్తు ఉందో పోల్చి చెప్పండి.
ఒక తండ్రి, బాలానగర్

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. ఒకసారి జీడిమెట్ల నుంచి, ఒకసారి చర్లపల్లి నుంచి, ఒకసారి కాటేదాన్ నుంచి. అడిగేది పిల్లల కోర్సు గురించే అయినా లోపలి భయం వేరే ఉంటుంది. సర్కారే పెద్దవాళ్ల పక్షాన నిలబడ్డాక మాలాంటి వాళ్లం ఎన్నాళ్లు నెగ్గుకొస్తాం, పిల్లల్ని కూడా ఇందులోకి లాగితే వాళ్ల గతేం కాను? ముందు ఆ భయం సంగతి చూద్దాం. కోర్సు మాట తర్వాత.

మీ కడుపుమంటలో న్యాయం ఉంది. 2025 ఏప్రిల్‌లో పక్క రాష్ట్రం విశాఖపట్నంలో టీసీఎస్‌కు 21.16 ఎకరాలు 99 పైసలకు ఇవ్వాలని నిర్ణయించింది. మన దగ్గర 2014లో వచ్చిన టీఎస్ ఐపాస్ చట్టం ప్రకారం 200 కోట్లు దాటిన మెగా ప్రాజెక్టుకు 15 రోజుల్లో అనుమతులు రావాలి. చిన్న యూనిట్లకూ 30 రోజుల గడువు పెట్టారు, కాదనను. కానీ ఇస్తామన్న పెట్టుబడి రాయితీ, వడ్డీ రాయితీ సొమ్ము ఏళ్ల తరబడి పెండింగులో ఉంటోందని చిన్న పరిశ్రమల సంఘాలు మొత్తుకుంటూనే ఉన్నాయి. పెద్ద కంపెనీలో రాయితీల ఫైలు వెంట తిరగడానికే ఒక మనిషి ఉంటాడు. మీ షాపులో ఆ మనిషీ మీరే, మెషిన్‌లో అరిగిపోయిన ఇన్‌సర్ట్ (లోహం కోసే మొన) మార్చే మనిషీ మీరే.

అంతవరకు ఒప్పుకుంటాను. అక్కడి నుంచి మీరు దూకిన చోటే నాకు పేచీ. కంపెనీకి రాయితీ ఇచ్చారు కాబట్టి మా అమ్మాయికి అందులో ఉద్యోగం ఉంటుందనుకున్నారు. ఆ రెంటికీ మధ్య చాలా దూరం ఉంది. భూమి కంపెనీకి వెళ్తుంది, రాష్ట్ర జీఎస్టీ వాపసు కంపెనీ ఖాతాలో పడుతుంది. కేంద్రం 2020లో మొదలుపెట్టిన, ఉత్పత్తిని బట్టి ప్రోత్సాహకం ఇచ్చే పీఎల్ఐ పథకంలో లెక్క చూసేది ముఖ్యంగా పెరిగిన అమ్మకాలను. ఎంతమందిని తీసుకున్నారన్నది ఆ తర్వాతి మాట. ఇక కంపెనీ, ప్రభుత్వం అవగాహన ఒప్పందం (ఎంవోయూ) రాసుకున్న రోజున చెప్పే ఉద్యోగాల సంఖ్య అంటారా, అది ఏళ్ల మీద పరుచుకునే సంఖ్య. క్యాంటీన్, సెక్యూరిటీ, డ్రైవర్లు, పరోక్ష ఉపాధి అన్నీ అందులోనే కలుస్తుంటాయి.

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం 2017లో ఫాక్స్‌కాన్‌తో ఒప్పందం చేసుకుంది. 13,000 ఉద్యోగాలు ఇస్తామని కంపెనీ, దాదాపు 300 కోట్ల డాలర్ల ప్రోత్సాహకాలు ఇస్తామని రాష్ట్రం. 2021కి వచ్చేసరికి ఒప్పందం తిరగరాసుకున్నారు. ఉద్యోగాల లక్ష్యం 1,454కు, రాయితీ 8 కోట్ల డాలర్లకు దిగాయి. ఇక్కడా అలాగే జరుగుతుందని నేననడం లేదు. కానీ ఆ 13,000 అంకె చూసి పిల్లల కోర్సు మార్చిన తండ్రులు అక్కడా కొందరు ఉండే ఉంటారు కదా!

డేటా సెంటర్ల వార్తలకు మరీ మురిసిపోకండి. కట్టేటప్పుడు సివిల్, ఎలక్ట్రికల్ పని బాగానే ఉంటుంది. నడక మొదలయ్యాక, పెట్టిన కోట్లతో పోలిస్తే లోపల పనిచేసే మనుషులు చాలా కొద్దిమంది. వాళ్లలోనూ ఎక్కువ అవసరం పడేది కరెంటు, కూలింగ్ చూసేవాళ్లు. చిత్రమేమిటంటే, కూలింగ్ సంగతి మీ మెకానికల్ అమ్మాయికి కాస్తో కూస్తో తెలుసు. డేటా సైన్స్ కోర్సు చేసినవాళ్లకు తెలియదు.

ఇప్పుడు ఆ కోర్సు. దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ఈ మధ్య నా దగ్గరికి వచ్చే ప్రతి ఇంట్లోనూ ఇదే మాట. సివిల్ చదివినా డేటా సైన్స్, బీకామ్ చదివినా డేటా సైన్స్. ఏఐ అంటే నాకేం వ్యతిరేకత లేదు. గణితం మీద ఇష్టంతో, నాలుగేళ్లు కోడింగ్ మీదే కూర్చున్న పిల్లలకు అది మంచి దారి. నా అనుమానమల్లా ఆరు నెలల కోర్సు మీద. పైథాన్ కొంచెం, స్టాటిస్టిక్స్ కొంచెం, చివర్లో ఒక ప్రాజెక్టు. ఇళ్ల ధరలు అంచనా వేయడమో, టైటానిక్‌లో ఎవరు బతికారో చెప్పడమో, బ్యాచ్ మొత్తానికి అదే. ఇంటర్వ్యూ చేసేవాళ్లకు ఆ ప్రాజెక్టు పేరు కనిపించగానే మిగతా రెజ్యూమె చదవబుద్ధి కాదు. పైగా మన నగరానికి వస్తున్న విదేశీ కంపెనీల సొంత సెంటర్లు ఎక్కువగా వెతికేది అనుభవం ఉన్నవాళ్ల కోసం. కంప్యూటర్ సైన్స్ పిల్లలే వెయిటింగ్‌లో ఉన్న వరుసలో మీ అమ్మాయి చివర్న నిలబడాలి. నాలుగేళ్లు చదివిన మెకానికల్‌ను గుమ్మం బయట వదిలేసి మరీ!

ఆ గ్యారంటీ కాగితం అడిగి తీసుకోండి. బోర్డు మీద గ్యారంటీ అని ఉంటుంది, అగ్రిమెంట్‌లో చాలాసార్లు ‘అసిస్టెన్స్’ అని ఉంటుంది. హాజరు ఇంత శాతం ఉండాలి, వాళ్లు చూపించిన ఊరికి వెళ్లాలి, ఇచ్చిన జీతానికి ఒప్పుకోవాలి అని కింద షరతులుంటాయి. ఈరోజు కడితే తగ్గింపు అని ఫోన్ చేస్తారు. చేయనివ్వండి.

మీరు మర్చిపోయిన ఒక విషయం గుర్తు చేస్తాను. అసలు మీ బాలానగర్ ఎలా పుట్టింది? 1960లలో ప్రభుత్వ సొమ్ముతో వచ్చిన పెద్ద సంస్థల నీడలోనే కదా. మందులు చేసే ఐడీపీఎల్, విమాన రంగపు హెచ్ఏఎల్, అటు రామచంద్రాపురంలో విద్యుత్ యంత్రాలు చేసే బీహెచ్ఈఎల్, ఇటు కుషాయిగూడ వైపు ఎలక్ట్రానిక్స్ చేసే ఈసీఐఎల్. అవి ఉద్యోగాలివ్వడంతో ఆగలేదు. పని నేర్పాయి, చుట్టుపక్కల షెడ్లకు ఆర్డర్లిచ్చాయి. ఐడీపీఎల్‌లో పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఈ నగరం మందుల పరిశ్రమకు పేరుపడటంలో ఐడీపీఎల్‌లో పని నేర్చుకుని బయటికొచ్చిన వాళ్ల పాత్ర చాలా ఉంది. మీ షాపుకు దగ్గర్లోనే ఉన్న కేంద్ర ప్రభుత్వ శిక్షణ సంస్థ సీఐటీడీ 1968 నుంచి టూల్ డిజైన్ నేర్పుతోంది. చిన్న యూనిట్ల కోసం ప్రభుత్వం పెట్టిన ఖర్చు అది. నగదు రూపంలో చేతికి రాలేదు కాబట్టి ఏమీ ఇవ్వలేదంటున్నారు మీరు. మీ దగ్గర పనిచేసే వీఎంసీ ప్రోగ్రామర్ ఎక్కడ నేర్చుకున్నాడో రేపు అడగండి.

అందుకే వచ్చే కంపెనీని చూసి నేను అడిగే ప్రశ్నలు రెండే. ఇక్కడి పిల్లలకు పని నేర్పుతుందా? ఇక్కడి షాపుల దగ్గర కొంటుందా? ఆదిబట్లలో 2018 నుంచి టాటా, బోయింగ్ కలిసి అపాచీ హెలికాప్టర్ల ఫ్యూజలాజ్‌లు (మొండెం భాగాలు) చేస్తున్నాయి. అలాంటి పరిశ్రమ వస్తే దాని వెనక విడిభాగాలు చేసే వరుస ఒకటి తయారవుతుంది. ఆ వరుసలోకి వెళ్లాలంటే ఏఎస్ 9100 అనే విమాన రంగపు నాణ్యతా సర్టిఫికెట్ కావాలి, ప్రతి ముక్కకూ ఇన్‌స్పెక్షన్ రికార్డు కావాలి. అది మీ వల్ల అయ్యే పనేనా? నిజం చెప్పండి. మీ అమ్మాయి వల్ల అవుతుంది.

పోల్చి చెప్పమన్నారు కదా, నాకు తెలిసిన పోలిక చిన్నదే. ఉద్యోగంలో ఒకటో తారీఖు జీతం, పీఎఫ్, సెలవులు, ఒక పద్ధతిలో పని చేయడం అలవాటవుతుంది. తీసేసే రోజు మాత్రం ఒక మీటింగ్‌లో తీసేస్తారు. షాపులో ఎవరూ తీసేయరు, కానీ డబ్బు ఎప్పుడొస్తుందో మీ చేతిలో ఉండదు. మీ అసలు జబ్బు అక్కడే ఉంది, రాయితీలు రాకపోవడంలో లేదు.

కోపం తెచ్చుకోకండి, కొన్ని అడుగుతాను. మీకు చిన్న పరిశ్రమలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉందా? ఉంటే ఆ నంబరు మీ బిల్లు మీద వేస్తున్నారా? పార్టీ (మీ దగ్గర సరుకు కొనే కంపెనీ) ఇచ్చిన పీవోలో, అంటే ఆర్డరు కాగితంలో, చిన్నక్షరాల్లో ‘జీఆర్ఎన్ (సరుకు అందిన రసీదు) నుంచి 90 రోజులు’ అని ఉంటే సంతకం పెట్టి తెచ్చుకుంటున్నారా? 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న యూనిట్లకు డబ్బు కట్టే గడువు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ. ఆదాయపు పన్ను చట్టంలో తెచ్చిన సవరణతో, గడువు దాటి, ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా కూడా మీకు కట్టని సొమ్మును పార్టీ ఆ ఏడాది ఖర్చు కింద చూపించుకోలేదు. ఫిర్యాదు చేస్తే పార్టీ పోతుందంటారు. తెలుసు. అందుకే ఫిర్యాదుకంటే ముందు ట్రెడ్స్ అనే ఆన్‌లైన్ బిల్లుల వేదిక చూడమంటాను. 250 కోట్ల టర్నోవర్ దాటిన కంపెనీలు అందులో నమోదు కావాలని కేంద్రం చెప్పింది. పార్టీ బిల్లును అక్కడ అంగీకరిస్తే బ్యాంకు మీకు ముందే డబ్బిస్తుంది, పార్టీ గడువుకు బ్యాంకుకు కట్టుకుంటుంది.

ఇంకొకటి. 2025 ఆగస్టు నుంచి 2027 జూలై దాకా నడిచే ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజనలో కొత్తగా మనిషిని తీసుకున్న సంస్థకు నెలకు 3,000 వరకు వస్తుంది, తయారీ రంగానికైతే నాలుగేళ్లు. 50 మంది లోపు ఉన్నచోట అదనంగా ఇద్దరిని తీసుకున్నా చాలు. కానీ అంతా ఈపీఎఫ్ లెక్కల మీదే నడుస్తుంది. మీ ఎనిమిది మందిలో ఎందరికి పీఎఫ్ ఉంది? చట్టం బలవంతపెట్టేది 20 మంది లేదా అంతకన్నా ఎక్కువ ఉంటేనే, నిజమే. అయితే కాగితం మీద కనిపించని షాపుకు పథకం ఎలా కనబడుతుంది చెప్పండి? ప్రభుత్వం చిన్నవాళ్లను చూడదన్న మాటలో సగం నిజం, మిగతా సగం మనం కనబడకుండా ఉండటానికి పడ్డ పాట్లు.

అప్పు, సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం పీఎంఈజీపీ గురించి కూడా ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. తయారీకి 50 లక్షల దాకా ప్రాజెక్టు, నగరంలో మహిళకు 25 శాతం సబ్సిడీ. కానీ అది కొత్త యూనిట్‌కు, ఉన్న షాపుకు కాదు. ఆ సబ్సిడీ కూడా చేతికి రాదు, మూడేళ్లు బ్యాంకులో డిపాజిట్‌గా ఉండి తర్వాత అప్పులో సర్దుబాటు అవుతుంది. సబ్సిడీని నమ్ముకుని మెషిన్ కొనకండి. సబ్సిడీ లేకుండా కూడా ఈఎంఐ కట్టగలిగితేనే కొనండి.

ఇక అమ్మాయి మాట. మీ ఉత్తరంలో రెండు వాక్యాలు నన్ను ఆపేశాయి. షాపుకు భవిష్యత్తు లేదని అమ్మాయిని పొమ్మంటున్నారు. అదే షాపు బాబు చూసుకుంటాడంటున్నారు. భవిష్యత్తు లేనిదైతే వాడికెందుకు? ఉన్నదైతే ఆమెకెందుకు వద్దు? చదివింది ఆమె, వస్తానంటోంది ఆమె. బాబును ఎవరైనా అడిగారా? సంబంధాలు చూసేటప్పుడు ‘కంపెనీలో చేస్తోంది’ అంటే వినడానికి బాగుంటుందన్న ఆలోచన మీ మనసులో ఉందేమో. ఉంటే ఆ మాట సూటిగా ఒప్పుకోండి, ప్రభుత్వ విధానం మీద పెట్టకండి.

రానివ్వండి. నష్టపోయేదేమీ లేదు, ఈ విషయంలో మీరు నిశ్చింతగా ఉండొచ్చు. రెండేళ్లు షాపులో డ్రాయింగ్ చూసి కొటేషన్ వేసిన, ప్రోగ్రామ్ రాసిన, రిజెక్షన్ ఎందుకొచ్చిందో పార్టీ క్వాలిటీవాళ్లతో మాట్లాడిన మెకానికల్ ఇంజనీరును సప్లయర్ క్వాలిటీ, పర్చేజ్ విభాగాలు సంతోషంగా పిలుస్తాయి. వెళ్లాలనిపిస్తే అప్పుడు వెళ్తుంది. డేటా మీద సరదా ఉంటే వీఎంసీ మీద ఏ ఇన్‌సర్ట్ ఎన్ని ముక్కలకు అరుగుతోందో రాసుకోమనండి. ఆ లెక్క ఇప్పటికి మీ తలలో మాత్రమే ఉంది. ముందు సీఐటీడీలో క్యాడ్, క్యామ్ (కంప్యూటర్‌లో డిజైన్, మెషినింగ్) షార్ట్ కోర్సు ఏది ఉందో కనుక్కోమనండి. దాని ఫీజు, మీరు చెప్పిన ఫీజు పక్కపక్కన పెట్టి చూసుకోండి.

ఒక్కటే షరతు, అది మీకు. ‘మన షాపే కదా’ అని ఊరికే పని చేయించుకోకండి. మొదటి నెల నుంచి బ్యాంకు ద్వారా జీతం, పేస్లిప్, రావలసిన బకాయిల ఫైలు పూర్తిగా ఆమె చేతికి. ఏడాది గడిచాక ఇద్దరికీ నచ్చితే పార్ట్‌నర్‌షిప్ డీడ్ రాసుకోండి, వాటా ఎంతో అందులో అంకెల్లో ఉండాలి. మీరిప్పుడు ఒక్కరి పేరు మీద నడుపుతున్నట్టయితే కొత్త పాన్, కొత్త జీఎస్టీ, కొత్త ఉద్యమ్ తీసుకోవాలి, వీఎంసీ అప్పు ఇచ్చిన బ్యాంకుకూ ముందే చెప్పాలి. మీ ఆడిటర్‌ను కలిసేటప్పుడు అమ్మాయిని కూడా తీసుకెళ్లండి.