మందారకు ఎన్నిసార్లు మందు కొట్టినా పిండినల్లి ఎందుకు పోదు?

మందు పురుగు ఒంటికి తగలకపోవడం వల్లే పోదు. తెల్లగా పిండి చల్లినట్టు కనిపించేది దాని మీది మైనపు పొర. ఉత్త నీళ్లలో కలిపిన మందు తామరాకు మీద బొట్టులా జారిపోతుంది. పైగా అది దాక్కునేది ఆకు అడుగున, మొగ్గల సందుల్లో. మనం కొట్టేదేమో పైనుంచి! ఉదాహరణకు వేపనూనె అయితే లీటరు నీటికి 5 మి.లీ., దాంతో 1-2 మి.లీ. లిక్విడ్ సోప్ వేసి బాగా గిలకొట్టి, సాయంత్రం పూట ఆకులు తిప్పి మరీ కొట్టాలి. దూదిలాంటి సంచిలో ఉన్న గుడ్లు ఎలాగూ మిగులుతాయి కాబట్టి, వారానికోసారి చొప్పున రెండు మూడు సార్లు తప్పదు. డోసు రెట్టింపు చేస్తే ఒకేసారి పోతుందని చాలామంది అనుకుంటారు. నూనె ఎక్కువైతే ఎండకు లేత ఆకులు మాడతాయి, గుడ్లు మాత్రం అలాగే ఉంటాయి.