వైరస్, వార్మ్, ట్రోజన్, ఫిషింగ్ అన్నీ ఒకటేనా? ఆ పేర్లు ఎలా వచ్చాయి?

మీ అమ్మాయికి డిగ్రీలో సైబర్ సెక్యూరిటీ పేపర్ ఉందని, ఈ పేర్లన్నీ ఒకటేనా వేరువేరా అని అడిగారు. నేను కంప్యూటర్ సైన్స్ చదివినవాణ్ణి కాదు. 2006లో తిరుపతి బాలాజీ కాలనీ దగ్గర నెట్ సెంటర్ పెట్టాను, ఇప్పుడది జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు. వీటిలో చాలావాటిని నా సిస్టమ్‌ల మీద పడ్డాకే నేర్చుకున్నా.

ఆ రోజుల్లో యూనివర్సిటీ హాస్టల్ పిల్లలు ప్రాజెక్ట్ రిపోర్టు ప్రింట్ కోసం పెన్‌డ్రైవ్ తెచ్చేవాళ్లు. పెట్టి చూస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లు అయిపోయి ఉండేవి. "అన్నా, వైరస్ వచ్చిండాది, రేపే సబ్మిషన్" అని ఏడుపు మొహం. ఫైళ్లు ఎక్కడికీ పోవు, కనపడకుండా దాక్కుంటాయి అంతే. నల్ల స్క్రీన్ తెరిచి అట్రిబ్ కమాండ్ కొడితే బయటికొస్తాయి. పది రూపాయలు తీసుకునేవాణ్ణి. దాన్ని అందరం షార్ట్‌కట్ వైరస్ అనే పిలిచాం. కానీ అది వేరే ఫైలుకు అతుక్కోదు, పెట్టిన ప్రతి పెన్‌డ్రైవ్‌లోకీ తన కాపీని తానే దింపుకుంటుంది. పుస్తకం లెక్కలో అది వార్మ్. పేరు తప్పయినా పని ఆగలేదనుకోండి, కానీ అన్నిటినీ వైరస్ అనే అలవాటు వల్ల నేను ఒకసారి గట్టిగా దెబ్బతిన్నాను, అది చివర్లో చెప్తా.

వీటిని విడదీయడానికి నేను అడిగే ప్రశ్న ఒకటే: లోపలికి రానిచ్చింది ఎవరు?

వైరస్ అన్న పేరు కంప్యూటర్ పరిశోధనలో నిలబడింది 1983లో. సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలో ఫ్రెడ్ కోహెన్ అనే విద్యార్థి, ఇంకో ప్రోగ్రాంలో దూరి తన కాపీని అక్కడ పెట్టే ప్రోగ్రాం రాసి చూపించాడు. దానికి ఆ పేరు సూచించింది అతని గురువు లెనార్డ్ ఆడెల్‌మన్. సమాచారాన్ని ఎవరూ చదవకుండా తాళం వేసే ఆర్‌ఎస్‌ఏ ఎన్‌క్రిప్షన్ అని వింటాం కదా, అందులో 'ఏ' ఈయనే. తాళం చేసిన మనిషే దొంగకూ పేరు పెట్టాడన్నమాట. లాటిన్‌లో వైరస్ అంటే విషం. మన విషమూ వాళ్ల వైరసూ ఒకే వేరు నుంచి వచ్చిన మాటలని భాషాశాస్త్రం చెబుతుంది. జబ్బు వైరస్‌కు కణం కావాలి, దీనికి ఇంకో ఫైలు కావాలి. ఆ ఫైలును ఎవరో ఒకరు నడపాలి. 1986లో ఫ్లాపీల మీద ఊళ్లు తిరిగిన బ్రెయిన్ వైరస్ లాహోర్‌లోని ఇద్దరు అన్నదమ్ముల పని. అందులో వాళ్ల షాపు అడ్రసు, ఫోన్ నంబరు కూడా రాసి పెట్టారు. దొంగతనానికి వచ్చి విజిటింగ్ కార్డు వదిలినట్టు!

వార్మ్ అంటే పురుగు కాబట్టి నేను చాలాకాలం మన తోతాపురి కాయలో టెంక పురుగు లాంటిది అనుకున్నా. కాదు, అసలు పోలిక కడుపులో పెరిగే బద్దెపురుగుతో. జాన్ బ్రన్నర్ అనే ఆంగ్ల రచయిత 1975లో ఒక నవలలో, నెట్‌వర్క్‌లో పాకుతూ ఎవరూ చంపలేని ప్రోగ్రాంకు ఆ పురుగు పేరే పెట్టాడు. తర్వాత జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రంలో జాన్ షోక్, జాన్ హప్ అనే ఇద్దరు, ఖాళీగా ఉన్న మిషన్లను పనికి వాడుకోవాలని మంచి ఉద్దేశంతోనే వార్మ్‌లు రాశారు. ఒక రాత్రి చిన్నదాన్ని నడిపించి ఇంటికి పోయి, పొద్దున వచ్చి చూస్తే డజన్ల కొద్దీ మిషన్లు పడిపోయి ఉన్నాయి. 1982లో వాళ్లే ఆ సంగతి పేపర్‌గా రాశారు. (జిరాక్స్ అంటే నాకు తిండి పెట్టే మాట, అందుకే ఈ కథ నాకు ఎక్కువ గుర్తు.)

1988 నవంబర్ 2న రాబర్ట్ మోరిస్ అనే విద్యార్థి వదిలిన వార్మ్ అయితే అప్పటి ఇంటర్నెట్‌ను అతలాకుతలం చేసింది. ఒక మిషన్‌లో తన కాపీ ముందే ఉందా అని అది అడుగుతుంది. ఉందని జవాబొచ్చినా ఏడింటిలో ఒకసారి మళ్లీ దూరేలా రాశాడు, ఎవరైనా అబద్ధం చెప్పి దాన్ని ఆపుతారేమోనని. ఆ ఏడో వంతే కొంప ముంచింది. ఒకే మిషన్‌లో కాపీల మీద కాపీలు చేరి అది కదల్లేని స్థితికి వచ్చేది. ఇక్కడ ఎవరూ ఏ ఫైలూ తెరవలేదు, అదే వచ్చింది. వార్మ్‌కూ వైరస్‌కూ తేడా అదే.

ట్రోజన్ కథ గ్రీకులది. చెక్క గుర్రం కడుపులో సైనికులను దాచి వదిలేస్తే, ట్రాయ్ జనం కానుక అనుకుని తామే కోటలోకి లాక్కుపోయారు. గుర్రం చేసింది గ్రీకులు, పేరు పడింది మాత్రం మోసపోయిన ట్రాయ్ వాళ్ల మీద. 1970ల మొదట్లోనే అమెరికా రక్షణ శాఖ రిపోర్టుల్లో ఈ మాట కంప్యూటర్లకు ఎక్కింది. పనికొచ్చే ప్రోగ్రాం వేషంలో ఉంటే మనమే లోపలికి తెచ్చుకునే చెడ్డ ప్రోగ్రాం అన్నమాట. మా చిత్తూరు పల్లెల్లో ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం విన్నవాళ్లకు గుర్రం అక్కర్లేదు, లక్క ఇల్లు చాలు.

ఇది చిత్తూరులో ఫోటో స్టూడియో పెట్టుకున్న నా ఫ్రెండుకు అనుభవం. పెళ్లి ఆల్బమ్ డిజైన్ సాఫ్ట్‌వేర్ డబ్బు పెట్టి కొనకుండా ఎక్కడో క్రాక్, అంటే తాళం పగలగొట్టిన దొంగ కాపీ, దించుకున్నాడు. యాంటీవైరస్ అడ్డొస్తోందని దాన్ని తనే ఆపేశాడు. రెండు రోజులకు ఫోటోలన్నీ వింత పేర్లతో మారిపోయాయి, డబ్బు కడితేనే తెరుస్తామని ఒక నోటు. పాండవులకు విదురుడున్నాడు, వీడికి ఎవరున్నారు? మూడు పెళ్లిళ్ల ఫోటోలు పోయాయి. ఇళ్లకు పోయి కాళ్లు పట్టుకున్నంత పనైంది. తెచ్చింది ట్రోజన్, తెచ్చిన సరుకు రాన్సమ్‌వేర్. ఈ రెంటినీ ఒకటనుకుంటారు చాలామంది. రాన్సమ్ అంటే బందీని విడిపించుకోవడానికి కట్టే సొమ్ము. 1989లోనే జోసెఫ్ పాప్ అనే ఆయన ఎయిడ్స్ సమాచారం అని చెప్పి దాదాపు 20,000 ఫ్లాపీలు పోస్టులో పంపి, 189 డాలర్లు పనామాలోని పోస్ట్ బాక్సుకు పంపమన్నాడు. 2017 మే 12న మొదలైన వనాక్రై మాత్రం రాన్సమ్‌వేర్‌కు వార్మ్ కాళ్లు తగిలించిన రకం. ఎవరూ ఏదీ తెరవకపోయినా, అప్‌డేట్ చేయని విండోస్ సిస్టమ్‌లలోకి పాకిపోయింది. ఆ కంత పూడ్చే అప్‌డేట్ రెండు నెలల ముందే వచ్చింది. మన చిత్తూరు జిల్లా పోలీసు కంప్యూటర్లు కొన్ని కూడా తగులుకున్నాయని అప్పట్లో పేపర్లలో చదివాం.

బాట్ అంటే రోబోట్‌లో సగం. చెక్ భాషలో రోబోటా అంటే వెట్టిచాకిరీ, 1920లో కారెల్ చాపెక్ రాసిన నాటకం నుంచి ఆ మాట లోకానికి వచ్చింది. బాట్‌నెట్ అంటే ఓనరుకు తెలియకుండా ఇంకొకడికి వెట్టి చేసే మిషన్ల మంద. నా షాపులో ఒక సిస్టమ్ కొన్ని వారాల పాటు నెమ్మదిగా ఉంటే ఫ్యాన్‌లో దుమ్మనుకున్నా. మీ కనెక్షన్ నుంచి వేల స్పామ్ మెయిళ్లు పోతున్నాయని నెట్ ఇచ్చేవాళ్లు ఫోన్ చేశాక తెలిసింది. కరెంటు బిల్లు నాది, చాకిరీ ఎవడికో!

ఇక ఫిషింగ్. మనకు గాలం వేయడం అన్న మాట ఎప్పటినుంచో ఉంది, సరిగ్గా అదే. 1990ల మధ్యలో 'అమెరికా ఆన్‌లైన్' అనే ఇంటర్నెట్ కంపెనీ ఖాతాదారులకు ఆ కంపెనీ సిబ్బందిలాగా మెసేజ్ పంపి పాస్‌వర్డ్‌లు లాగేవాళ్లు. స్పెల్లింగ్‌లో ఎఫ్ బదులు పీహెచ్ రావడానికి కారణం, ఫోన్ లైన్లను ఏమార్చి ఉచితంగా మాట్లాడే 'ఫ్రీక్‌ల' మీద ఆ కుర్రాళ్ల మోజు. ఫోన్‌లోని పీహెచ్ అన్నమాట.

నేను దెబ్బతిన్నది ఇక్కడే. 2022లో గుంటూరు వైపు నుంచి ఒక పెద్దాయన, పెద్దావిడ వచ్చి కొండ మీద రూము బుక్ చేయమన్నారు. రష్‌లో ఉన్నా. సెర్చ్‌లో పైన వచ్చిన లింకు నొక్కా, బొమ్మలు, నామాలు, రంగులు అన్నీ అచ్చు దేవస్థానం సైట్‌లో లాగే ఉన్నాయి. ఆయన కార్డు, ఆయన ఓటీపీ, నా చేత్తోనే కొట్టా. 3,400 రూపాయలు. రసీదు ప్రింట్ తీసి ఇచ్చా, దానికి పది రూపాయలు కూడా తీసుకున్నా. సాయంత్రం ఆయన కొండ మీంచి ఫోన్ చేసి, "బాబూ, ఈ కాగితం చెల్లదంటున్నారు" అన్నాడు, కోపం కూడా లేదు గొంతులో. డబ్బు నేనే తిరిగిచ్చా. నా సిస్టమ్‌లో డబ్బు పెట్టి కొన్న యాంటీవైరస్ ఉంది, అందుకే ధీమాగా ఉన్నా. మనంతట మనమే ఓటీపీ కొట్టిస్తుంటే అదేం చేస్తుంది? అప్పటి నుంచి అడ్రసు చివర ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ అని చదివాకే కార్డు అడుగుతా.

స్మిషింగ్ ఎస్ఎమ్మెస్‌తో వేసే గాలం, విషింగ్ ఫోన్ కాల్‌తో. మాల్వేర్ అంటే చెడు చేసే ప్రోగ్రాంలన్నిటికీ కలిపి పెట్టిన పేరు, వైరస్, వార్మ్, ట్రోజన్, రాన్సమ్‌వేర్ దాని కిందికి వస్తాయి. మీ అమ్మాయి పరీక్షలో ఫిషింగ్‌ను మాత్రం ఆ జాబితాలో వేయొద్దని చెప్పండి, రెండు మార్కులు పోయేది అక్కడే.